షెడ్యూలా, స్కెజూలా? క్లయింట్ కాల్‌లో ఏది వాడాలి?

గచ్చిబౌలి_గోపి

మా ప్రాజెక్టులో రోజూ సాయంత్రం కాల్ ఉంటుంది. అటువైపు డాలస్ వాళ్ళు, లండన్ వాళ్ళు ఇద్దరూ ఉంటారు. నాది రిలీజ్ ప్లానింగ్ పని కాబట్టి షెడ్యూల్ అన్న మాట లేకుండా నా నోట్లోంచి వాక్యం రాదు. ఈమధ్య కొత్తగా వచ్చిన లీడ్ కాల్ అయ్యాక పక్కకు పిలిచి, "షెడ్యూల్ అనకు, స్కెజూల్ అను. డబ్బులిచ్చేది అమెరికా వాడు" అన్నాడు. సరేనని మర్నాడు అలాగే అన్నాను. లండన్‌లో ఉన్న పెద్దాయన "ఓహో, నువ్వు కూడా అమెరికన్ అయిపోయావా" అని నవ్వాడు. దాంతో కాల్‌లో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వస్తుంటేనే టెన్షన్. ఒకసారి "షెజూల్" అని వస్తోంది, ఇంకోసారి "స్కెడ్యూల్" అని వస్తోంది. అటూ ఇటూ కాకుండా పోయాను. ప్రస్తుతానికి టైమ్‌లైన్ అని తప్పించుకుంటున్నా. అసలు ఏది కరెక్టు? నోటికి అలవాటు చేసుకోవడం ఎలా?

పచ్చిమిర్చి

టైమ్‌లైన్ బాగానే ఉంది కదా, దాంతోనే లాగించెయ్. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళేగా.

కాజీపేట_కంట్రోలర్

నా సర్వీసంతా రైల్వేలోనే గడిచింది. షెడ్యూల్డ్ టైము, రీషెడ్యూల్ అయిన రైలు, మెయింటెనెన్స్ షెడ్యూలు... పొద్దున లేస్తే ఇదే మాట. జనరల్ మేనేజరు దగ్గర్నుంచి గ్యాంగ్‌మన్ దాకా ఒక్క మనిషి కూడా స్కెజూల్ అనగా నేను వినలేదు. మనం ఇంగ్లీషు నేర్చుకున్నది బ్రిటిష్ వాళ్ళ దగ్గర, వాళ్ళు షెడ్యూల్ అన్నారు, మనమూ అన్నాం. ఇందులో మనం చేసిన తప్పేముంది? ఎదుటివాడు డబ్బులిస్తున్నాడని నాలుక మార్చుకోవాలా?

పచ్చిమిర్చి

కంట్రోలర్ గారూ, మాట వరకు ఓకే. రైళ్ళు కూడా షెడ్యూల్ ప్రకారమే నడిచాయంటే మాత్రం ఒప్పుకోను.

డాలస్_బాబాయ్

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ షెడ్యూల్ అనేవాణ్ణి. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు, అర్థం కాలేదని కూడా అనలేదు. బ్రిటిష్ సీరియళ్ళు చూసే వాళ్ళు కాబట్టి ఆ మాట వాళ్ళకు తెలుసు. నన్ను మార్చింది మా అమ్మాయి. ఒకటో తరగతిలో చేరాక, "నాన్నా, షెడ్ అంటే పెరట్లో గడ్డి కోసే మిషన్ పెట్టుకునేది. నువ్వు రోజూ షెడ్డు గురించి ఎందుకు మాట్లాడతావు?" అంది. ఇక అక్కడితో సరి.

ఇప్పుడు బయట స్కెజూల్, ఇండియా నుంచి ఫోన్ వస్తే షెడ్యూల్. ఆలోచించే పనే లేదు, దానంతట అదే మారుతుంది. ట్యాక్స్ సీజన్ వచ్చిందంటే మా సీపీఏ, అంటే ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్, "స్కెజూల్ సీ, స్కెజూల్ సీ" అని చంపుతాడు, సొంత వ్యాపారం ఆదాయం చూపించే ఫారం అది. నేను షెడ్యూల్ సీ అన్నా ఆయన పట్టించుకోడు. ఆయనకు కావాల్సింది ఫారం, నా ఉచ్చారణ కాదు. గోపీ, మీ లీడ్ చెప్పింది తప్పు కాదు గానీ, అంత టెన్షన్ పడాల్సిన విషయమూ కాదు.

క్రోయ్‌డన్_కృష్ణవేణి

లండన్ అంటే షెడ్యూల్, అమెరికా అంటే స్కెజూల్ అన్నది పాత లెక్క. మా ఆఫీసులో యాభై దాటిన వాళ్ళు షె అంటారు, ముప్పై లోపు వాళ్ళు దాదాపు అందరూ స్కె అనే అంటారు. మా మేనేజర్ ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది, ఒకే మీటింగులో రెండూ అంటుంది, తనకు ఆ సంగతే తెలియదు. గోపి గారిని చూసి నవ్విన పెద్దాయన ఇంట్లో పిల్లలు కూడా స్కెజూల్ అనే అంటుంటారు, చూడండి. పిల్లలను అనలేక ఆ ఉక్రోషం గోపి గారి మీద తీర్చుకుని ఉంటాడు.

గచ్చిబౌలి_గోపి

అంటే లండన్‌లోనూ స్కె నడుస్తుందా? మరి ఎందుకు నవ్వినట్టు?

క్రోయ్‌డన్_కృష్ణవేణి

మొన్నటిదాకా షె అని ఉన్నట్టుండి స్కె అన్నారు కదా, అందుకు. మారడం వినిపిస్తుంది, మాట కాదు. ఇక్కడివాళ్ళు మొహం మీద నవ్వారంటే మీతో చనువుగా ఉన్నట్టే లెక్క. నచ్చకపోతే "వెరీ ఇంటరెస్టింగ్" అనేవారు, అప్పుడు భయపడాలి.

గ్రూప్స్_గంగ

మీకు కాల్‌లో ఒక మాట, మాకు పాలిటీ పేపరంతా ఇదే. రాజ్యాంగం మొదలైనప్పుడు 8 షెడ్యూళ్ళు, ఇప్పుడు 12. భాషలు ఎనిమిదో దాంట్లో, పార్టీ ఫిరాయింపులు పదో దాంట్లో, పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల పాలన ఐదో దాంట్లో. ఇవి చాలవన్నట్టు 2014 విభజన చట్టానికి మళ్ళీ విడిగా తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు సంస్థల గొడవ. మా కోచింగ్‌లో అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒకాయన గెస్టుగా వచ్చి "టెన్త్ స్కెజూల్" అన్నాడు. వెనక బెంచీ వాళ్ళు టెన్త్ స్కూల్ అని రాసుకున్నారు.

క్లాప్‌బోర్డ్

మా ఫీల్డులో షెడ్యూల్ అంటే టైం టేబుల్ కూడా కాదు. షూటింగులో ఒక విడత. "ఫస్ట్ షెడ్యూల్ వైజాగ్, సెకండ్ షెడ్యూల్ అవుట్‌డోర్, మధ్యలో షెడ్యూల్ గ్యాప్." నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని. స్కెజూల్ అని ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర స్టైల్ కొడితే ఆ రోజు బేటా, అంటే రోజువారీ భత్యం, లేట్ అవుతుంది.

ధ్వనిశాస్త్రి

సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో (హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ఫొనెటిక్స్, అంటే ఉచ్చారణ శాస్త్రం చదువుకున్నాను. తర్వాత టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా పరిచయం.

అందరూ మాట మొదలు పట్టుకునే కొట్టుకుంటున్నారు. ఇందులో తేడా వచ్చే చోట్లు రెండున్నాయి. మొదట్లో ష వస్తుందా, స్క వస్తుందా అన్నది ఒకటి. మధ్యలో డ్యూ వస్తుందా, జూ వస్తుందా అన్నది ఇంకొకటి. దేని దారి దానిదే. అందుకే బ్రిటన్‌లో షెడ్యూల్, షెజూల్, స్కెడ్యూల్, స్కెజూల్ నాలుగూ వినిపిస్తాయి. అక్కడి ఉచ్చారణ నిఘంటువులు నాలుగింటినీ ఒప్పుకున్నాయి. గోపి గారు అటూ ఇటూ కాలేదనుకుంటున్న ఆ రెండూ లండన్‌లో ఎవరో ఒకరు రోజూ అనేవే. అమెరికాలో మాత్రం స్కెజూల్ ఒక్కటే. కొందరు దాన్నే సాగదీసి స్కె-జూ-అల్ అని మూడు ముక్కలుగా అంటారు.

షె పాతది, స్కె కొత్త ఫ్యాషన్ అని కూడా అనుకోవద్దు. ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి దిగినప్పుడు రెండూ లేవు, "సెడ్యూల్" అనేవారు. తర్వాత పండితులు లాటిన్‌లో స్కెడులా అని ఉందని చూసి స్పెల్లింగు మార్చేశారు. స్పెల్లింగు మారింది గానీ జనం నోరు వెంటనే మారలేదు. 1791లో జాన్ వాకర్ తన ఉచ్చారణ నిఘంటువులో, లాటిన్ ప్రకారం పోతే స్కె అనాలి, కానీ జనంలో ఎక్కువగా నడుస్తున్నది "సెజూల్" అని రాసుకున్నాడు. ఆ తర్వాత బ్రిటన్ షె వైపు వెళ్ళింది. అమెరికా తన నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ మాట విని గ్రీకు పద్ధతిలో స్కె పట్టుకుంది.

స్కెడులా అంటే చిన్న కాగితం ముక్క. అసలు పత్రానికి వెనక జతచేసే కాగితం. గంగ గారి రాజ్యాంగంలోనూ, డాలస్ బాబాయ్ గారి ట్యాక్స్ ఫారంలోనూ ఉన్నది ఆ పాత అర్థమే. టైం టేబుల్ అన్న అర్థం తర్వాత వచ్చింది.

పచ్చిమిర్చి

అంటే మా ఊళ్ళో "ఎలచ్చన్ల సెడ్యూలు వచ్చిందంటగా" అనే తాత మాట్లాడేది 18వ శతాబ్దం లండన్ ఇంగ్లీషు. మేమే అర్థం చేసుకోలేకపోయాం.

ధ్వనిశాస్త్రి

కారణం వేరు గానీ, వినడానికి అదే. వాకర్ వింటే ముచ్చటపడేవాడు.

కాజీపేట_కంట్రోలర్

శాస్త్రి గారూ, మా మనవడిది ఒకటే వాదన. స్కూల్‌ని షూల్ అంటామా, స్కీమ్‌ని షీమ్ అంటామా, మరి ఇది మాత్రం షెడ్యూల్ ఎందుకు అని. నా దగ్గర జవాబు లేక కోప్పడి పంపించాను.

ధ్వనిశాస్త్రి

ఇంగ్లీషు స్పెల్లింగులో లాజిక్ వెతికితే ఎవరూ గెలవరు. ఎస్, సీ, హెచ్ కలిసి వచ్చే మాటల్లో గ్రీకు, లాటిన్ సరుకు చాలావరకు స్క అవుతుంది: స్కూల్, స్కీమ్, స్కాలర్. జర్మన్ పేర్లయితే ష. చర్చిలో చీలికకు వాడే స్కిజమ్ అనే మాట ఉంది, పాత తరం దాన్ని సిజమ్ అనేవారు. మీ మనవడి వాదన వల్ల స్కె గెలుస్తున్న మాట మాత్రం నిజం. కొత్త తరానికి స్కూల్ పక్కన షెడ్యూల్ వింతగా వినిపిస్తోంది. అమెరికన్ టీవీ ఎలాగూ ఉంది.

బ్యాండ్_ఎనిమిది

విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు ట్రైనింగ్ ఇస్తాను, కూకట్‌పల్లిలో. నా స్టూడెంట్లకు నేను చెప్పేది ఒకటే. ఒక యాక్సెంట్ ఎంచుకోండి, అన్ని మాటలకూ అదే వాడండి. ఒక వాక్యంలో స్కెజూల్ అని, వెంటనే జెడ్ అని, ఇంకో పక్క వైటమిన్ అని కలగాపులగం చేస్తే వినేవాళ్ళకు చిరాకు. గోపి అమెరికన్ ఎంచుకుంటే అన్నీ అమెరికన్‌లోకి మార్చుకోవాలి. ఒక్క మాట మారిస్తే మిగతా ఇంగ్లీషంతా హైదరాబాద్‌లో ఉండిపోయి అదొక్కటే డాలస్‌లో దిగినట్టు ఉంటుంది.

క్రోయ్‌డన్_కృష్ణవేణి

దీనికి నేను ఒప్పుకోను. ఇక్కడ పుట్టినవాళ్ళే కలిపేస్తున్నారని పైన చెప్పాను కదా. కెనడా వాళ్ళను వినండి, సగం అటు సగం ఇటు. వాళ్ళకు లేని పట్టింపు మనకెందుకు? పరీక్షలో కూడా యాక్సెంట్‌కు మార్కులు ఉండవు కదా?

బ్యాండ్_ఎనిమిది

యాక్సెంట్‌కు ఉండవు, ఉచ్చారణకు ఉంటాయి మేడం. స్పీకింగ్‌లో చూసేవి నాలుగు: ధారాళంగా మాట్లాడటం, పదజాలం, గ్రామర్, ఉచ్చారణ. నాలుగింటికీ సమానంగా పావు వంతు. భారతీయ యాక్సెంట్ అని తగ్గించరు, ఆ మాట నిజమే. మాట స్పష్టంగా ఉందా, ఒత్తు (స్ట్రెస్) సరైన చోట పడిందా, వినేవాడు కష్టపడాల్సి వస్తోందా అనేవే చూస్తారు. నేను ఒక్కటే పట్టుకోమనేది నేర్చుకునేవాళ్ళకు సులువని.

క్రోయ్‌డన్_కృష్ణవేణి

సులువని చెబితే ఒప్పుకుంటా. చిరాకు అన్నారు చూడండి, దానికే వచ్చాను.

నల్గొండ_నవీన్

కంట్రోలర్ సార్, నాలుక మార్చుకోవాలా అన్నారు. మేం మార్చుకున్నాం సార్. కాల్ సెంటర్లు జోరుగా నడిచిన రోజుల్లో నాకు మొదటి ఉద్యోగం అదే. రాత్రి డ్యూటీ, పేరు కూడా మార్చి పెట్టారు, నేను నిక్‌ని. ట్రైనర్ ఒక కాగితం ముక్క మూతి ముందు పట్టుకోమని "పేపర్, పార్కింగ్, టేబుల్" అనిపించేది. కాగితం కదలాలి. మనం ప అంటే కదలదు, వాళ్ళు ప అంటే గాలి తగిలి కదులుతుంది. అందరం అలా కాగితాలు ఊదుకుంటూ కూర్చునేవాళ్ళం.

గమ్మత్తేమిటంటే స్కెజూల్ దగ్గరికి వచ్చేసరికి ఆమె "కాగితం కదిలితే తప్పు" అంది. ముందు స ఉంటే క గాలి లేకుండా రావాలట, అచ్చం మన తెలుగు క లాగా. బ్యాచ్‌లో అందరికంటే ముందు మా నల్గొండ వాళ్ళకే వచ్చింది. ఒక్కడు మాత్రం "ఇస్కెజూల్" అనేవాడు, వాణ్ణి చివరిదాకా మార్చలేకపోయింది.

ధ్వనిశాస్త్రి

మీ ట్రైనర్‌కు పని తెలుసు. స తర్వాత వచ్చే క, ట, ప తెలుగువాళ్ళకు కానుకే. కాబట్టి గోపి గారికి మొదటి ముక్క దగ్గర సమస్య ఉండదు, క తర్వాత ఎ మాత్రం పొట్టిగా ఉండాలి, స్కే అని సాగితే వేరే మాట అవుతుంది. అసలు చిక్కంతా జ దగ్గర.

తెలుగులో ఒక్క జ రాసి రెండు రకాలుగా పలుకుతాం. జున్ను, జడ, జొన్న అన్నప్పుడు నాలుక కొన పళ్ళ వెనక తగులుతుంది. జీతం, జీలకర్ర, జెండా అన్నప్పుడు నాలుక కాస్త వెనక్కి, అంగిలికి తగులుతుంది. ఈ రెండూ చాలవన్నట్టు ఇంగ్లీషు జూ పార్కులో ఉన్న ధ్వనికి కూడా అదే జ రాస్తాం. ఇప్పుడు స్కెజూల్ అని తెలుగులో రాసుకుని చదివితే, జ పక్కన ఊ ఉంది కాబట్టి నాలుక అలవాటు కొద్దీ జున్ను వైపు పోతుంది. లేదా జూ పార్కు వైపు పోతుంది. రెండూ కాదు. జీలకర్ర జ కావాలి. ముందు "జీ" అనండి, నాలుక కదపకుండా పెదవులు గుండ్రంగా చేసి "జూ" అనండి. అదే.

గచ్చిబౌలి_గోపి

ఇప్పుడే బాత్‌రూమ్‌లో అద్దం ముందు జీ, జూ, జీ, జూ అంటున్నా. మా ఆవిడ తలుపు కొట్టింది. కానీ సార్, తేడా నిజంగా తెలుస్తోంది! ఇన్నాళ్ళూ నేను అన్నది జున్ను జ.

నల్గొండ_నవీన్

అద్దం కంటే ఫోన్ నయం అన్నా. ఆన్‌లైన్ డిక్షనరీల్లో ఒక్కో మాటకు బ్రిటిష్‌కి ఒకటి, అమెరికన్‌కి ఒకటి స్పీకర్ గుర్తులు ఉంటాయి. అది నొక్కి వినడం, వెంటనే మన గొంతు రికార్డు చేయడం, రెండూ పక్కపక్కనే వినడం. మన గొంతు మనకే నచ్చదు, అయినా వినాలి.

గచ్చిబౌలి_గోపి

ఇంకో డౌట్. షెడ్యూల్ తర్వాత నేను ఎక్కువగా వాడేది మాడ్యూల్. దానికీ ఇదే లెక్కా? డ్యూటీని కూడా జూటీ అనాలా?

ధ్వనిశాస్త్రి

మంచి ప్రశ్న. ఒత్తు ఎక్కడ పడుతుందో చూసుకోండి. స్కెజూల్‌లో ఒత్తు మొదటి ముక్క మీద, స్కె మీద. రెండో ముక్క తేలిక. అలా తేలికగా ఉన్నచోట డ్యూ వస్తే అమెరికన్లు దాన్ని జూ చేస్తారు. మాడ్యూల్ మాజూల్ అవుతుంది, గ్రాడ్యుయేట్ గ్రాజుయేట్, ఎడ్యుకేషన్ ఎజుకేషన్, ఇండివిడ్యువల్ ఇండివిజువల్.

డ్యూటీలో ఒత్తు డ్యూ మీదే పడుతుంది. అక్కడ అమెరికన్లు య తీసేసి డూటీ అంటారు. న్యూస్ నూస్, ట్యూజ్‌డే టూజ్‌డే. జూటీ మాత్రం అనరు.

క్రోయ్‌డన్_కృష్ణవేణి

అమెరికాలో అనరేమో, మా దగ్గర అంటారు! ఇక్కడ డ్యూటీ జూటీ, ట్యూజ్‌డే చూజ్‌డే, రోజూ ఎక్కే ట్యూబ్ రైలు చూబ్. మా పక్కింటి పిల్లలు యూచూబ్ అంటుంటే మొదట్లో వేరే ఏదో యాప్ అనుకున్నాను.

పచ్చిమిర్చి

చూజ్‌డే నాడు చూబ్ ఎక్కి యూచూబ్ చూసేవాళ్ళు మన గోపిని చూసి నవ్వారా?

యానాం_గోదారి

ఇంగ్లీషువాళ్ళ రెండు నోళ్ళ గోల చూడాలంటే మా దగ్గరికి రండి. మాది పుదుచ్చేరి కింద కదా, పేపర్లో రోజూ లెఫ్టినెంట్ గవర్నర్ వార్త ఉంటుంది. స్పెల్లింగులో ఎఫ్ ఎక్కడుందో చిన్నప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. అది బ్రిటిష్ పద్ధతి. అమెరికా వాళ్ళు లూటెనెంట్ అంటారు. 1954 దాకా మమ్మల్ని ఏలింది ఫ్రెంచివాళ్ళు, ఆ మాట కూడా వాళ్ళదే. వాళ్ళ నోట్లో లెఫ్ లేదు, లూ కూడా సరిగ్గా లేదు. మేం మధ్యలో చిక్కుకుపోయాం.

కాజీపేట_కంట్రోలర్

మిలిటరీలో పనిచేసిన మా బావమరిది ముందు లూటెనెంట్ అని చూడండి, ఆ పూట భోజనం పెట్టడు.

గ్రూప్స్_గంగ

రౌటర్ సంగతి కూడా చెప్పండి. బస్సు రూటు అంటాం, రూట్ మ్యాప్ అంటాం. వైఫై డబ్బా దగ్గరికి వచ్చేసరికి రౌటర్ ఎందుకైంది?

డాలస్_బాబాయ్

డబ్బా అమెరికా నుంచి వచ్చింది, పేరు దాంతోపాటు వచ్చింది. రూటు అంతకు ముందెప్పుడో బ్రిటిష్ వాళ్ళు తెచ్చి పెట్టారు. ఇంగ్లండులో దాన్ని రూటర్ అంటారని కృష్ణవేణి గారు చెప్పాలి. ఇక్కడ రోడ్డు పేర్లలో మాత్రం రూట్ అనేవాళ్ళు, రౌట్ అనేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు.

క్రోయ్‌డన్_కృష్ణవేణి

అవును, రూటరే. నేను హైదరాబాద్ అలవాటు కొద్దీ రౌటర్ అంటే ఇంటర్‌నెట్ బాగు చేయడానికి వచ్చినతను మీరు అమెరికాలో ఉండి వచ్చారా అని అడిగాడు.

డాలస్_బాబాయ్

మళ్ళీ గోపి విషయానికి వద్దాం. మీరంతా మాట మొదలు, మధ్య చూశారు. చివర ఎవరూ చూడలేదు. నాకు నిజంగా ఇబ్బంది వచ్చింది అక్కడే.

ఇండియా టీమ్‌లో ఒక కుర్రాడు కాల్‌లో "ఐ షెడ్యూల్ ద డెమో" అన్నాడు. వాడి ఉద్దేశం ఆల్రెడీ పెట్టేశానని. చివర డ్ మింగేశాడు. మా క్లయింట్ మేడం, "ఓహో, ఇతను పెడతాడన్నమాట, ఇంకా పెట్టలేదు, ఎందుకు శ్రమ" అనుకుని తనే ఇంకో టైముకు ఇన్వైట్ పంపేసింది. ఒకే డెమోకు రెండు ఇన్వైట్లు. సగంమంది గురువారం పొద్దున వచ్చి కూర్చున్నారు, సగంమంది మధ్యాహ్నం. వైస్ ప్రెసిడెంట్ పొద్దున వచ్చిన బ్యాచ్‌లో ఉన్నాడు. ఆ రోజు షె అన్నాడా స్కె అన్నాడా అని ఎవరూ అడగలేదు. ఆ డ్ ఒక్కటి పలికి ఉంటే గొడవే లేదు.

ధ్వనిశాస్త్రి

బాబాయ్ గారు అసలు పాయింట్‌కు తెచ్చారు. తెలుగు మాట అచ్చుతోనో, మ్, ల్ లాంటి వాటితోనో ముగుస్తుంది. ల్ తర్వాత డ్ వచ్చి ఆగడం మన నాలుకకు అలవాటు లేదు. అందుకే షెడ్యూల్డ్ కులాలు కాస్తా వాడుకలో షెడ్యూల్ కులాలు అయ్యాయి. లేదంటే ఇంకో వైపు పోయి, చివర అచ్చు తగిలించి "షెడ్యూల్డు" అంటాం. తెలుగు మాట్లాడేటప్పుడు అది సహజమే, ఎవరూ మార్చుకోనక్కర్లేదు. ఇంగ్లీషు కాల్‌లో మాత్రం డ్ వినిపించాలి. దానికో సులువు ఉంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే డ్‌ను దానికి అంటించండి. "స్కెజూల్డ్ ఇట్" అనడానికి బదులు "స్కెజూల్-డిట్" అన్నట్టు. నోరు తిరుగుతుంది, డ్ పోదు.

షె అన్నా స్కె అన్నా ఏ దేశంలోనూ ఎవరికీ అర్థం కాకుండా పోదు. ఒత్తు రెండో ముక్క మీద వేసి షెడ్-యూ-ల్ అని లాగితేనో, డ్ మింగితేనో ఎదుటివాడు ఆగి ఆలోచించాల్సి వస్తుంది. మీ లీడ్ సరిచేయాల్సింది ఉంటే వాటిని సరిచేయాలి.

బ్యాండ్_ఎనిమిది

దీనికి నా పూర్తి మద్దతు. నా క్లాసులో చివరి డ్, చివరి స్ మీద పెట్టినంత టైము ఇంక దేని మీదా పెట్టను. అయినా గోపి ఒకటి తేల్చుకోవాలి కదా? రోజుకో రకంగా అంటే ఆ పెద్దాయన రోజూ నవ్వుతాడు.

గచ్చిబౌలి_గోపి

తేల్చుకున్నా. స్కెజూల్. డాలస్‌లో అదొక్కటే నడుస్తుంది, లండన్‌లో అదీ నడుస్తుంది. రెండు చోట్లా చెల్లేది అదే. లీడ్ చెప్పాడని కాదు, శాస్త్రి గారి లెక్క ప్రకారం. మాడ్యూల్‌ని కూడా మాజూల్ చేస్తా. డ్యూటీ జోలికి పోను.

కాజీపేట_కంట్రోలర్

నీ ఉద్యోగం, నీ ఇష్టం తమ్ముడూ. నేను మాత్రం షెడ్యూలే.

ధ్వనిశాస్త్రి

మీరు మారనక్కర్లేదు కంట్రోలర్ గారూ. ఇక్కడ కోట్లమంది అనేది అదే. ఆర్‌బీఐ చట్టం రెండో షెడ్యూల్లో ఉన్న బ్యాంకును మన దేశంలో స్కెజూల్డ్ బ్యాంక్ అంటేనే వింతగా చూస్తారు. మందుల స్ట్రిప్ మీద ఎర్ర గీత పక్కన రాసి ఉండేది కూడా షెడ్యూల్ హెచ్ మందు అనే కదా మెడికల్ షాపు అబ్బాయి చదివేది.

గ్రూప్స్_గంగ

నా సంగతి తేలలేదు. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఏది?

బ్యాండ్_ఎనిమిది

షెడ్యూల్డ్. డ్ మర్చిపోవద్దు. అంతకంటే ముందు ఏ షెడ్యూల్లో ఏముందో మర్చిపోవద్దు.

క్లాప్‌బోర్డ్

గంగక్కా, ఇంటర్వ్యూ షెడ్యూల్ వచ్చిందా అసలు?

గ్రూప్స్_గంగ

మెయిన్స్ షెడ్యూలే రెండుసార్లు మారింది తమ్ముడూ. ఆ మాట ఎలా పలికినా కన్నీళ్ళే.

పచ్చిమిర్చి

గోపీ, ఇంతకీ ఈ రీసెర్చి అంతా మీ లీడ్‌కి చెప్పావా?

గచ్చిబౌలి_గోపి

చెప్పే అవసరం రాలేదు. నిన్న కాల్‌లో లీడే మాట్లాడాడు. "వుయ్ నీడ్ టు ప్రీపోన్ ద స్కెజూల్" అన్నాడు. స్కెజూల్ అద్భుతంగా పలికాడు, జీలకర్ర జ, అన్నీ పర్ఫెక్ట్. అటువైపు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డాలస్ ఆవిడ "ప్రీపోన్ అంటే ఏమిటి?" అని అడిగింది.

డాలస్_బాబాయ్

హహ్హహ్హా. ఇక్కడ ఆ మాట చాలామంది విని ఉండరు. "మూవ్ ఇట్ అప్" అనమను.

క్రోయ్‌డన్_కృష్ణవేణి

ఇక్కడైతే "బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్".